చెయ్యి వణికినందుకు కాదు

తెలంగాణ వచ్చిన నెలలోనే మా కాక పోయాడు. మా బాపుకు తమ్ముడు, గోదావరిఖనిలో చాలామందికి కంప్యూటర్ సారు. పొద్దున చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడట. దవాఖానకు ఆటో ఎక్కించేలోపే అయిపోయిందని చిన్నమ్మ ఫోన్ చేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కానీ ఇది రాస్తున్నది ఏడుపుతో కాదు, కోపంతో.

సంతాప సభ పెట్టారు. కాక దగ్గరే నేర్చుకుని, కాక ఇంటి ఎదురుగానే రంగురంగుల బోర్డుతో ఇంకో కంప్యూటర్ సెంటర్ తెరిచిన శిష్యుడొకడు మైకు పట్టుకున్నాడు. "పాపం, సారుకు చెయ్యి వణికేది. మౌస్ పట్టరాక, మాటలు టైపు కొట్టే ఆ నల్ల తెరనే పట్టుకొని ఏలాడిండు. లోకమంతా బొమ్మల తెరకు పోయింది, సారు చీకట్లనే ఉండిపోయిండు" అన్నాడు. జనం నవ్వారు. ప్రేమగానే నవ్వారు, అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. నాకూ మైకు ఇవ్వండని లేచాను. ముఖ్య అతిథికి వేరే పనుందని సభ ముగించేశారు. ఎవరి సభండీ అది? పోయింది మా కాకా, ముఖ్య అతిథా?

అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను, వినండి.

కాక చెయ్యి వణికేది, నిజమే. ఆ వణికే చేత్తోనే మౌస్ పట్టి, ఉద్యమం రోజుల్లో కరపత్రాల మీదికి బతుకమ్మను పువ్వు పువ్వుగా గీశాడు. "బొమ్మ గియ్యాలంటే మౌసే మంచిది. పని చెప్పాలంటే మాట మంచిది" అనేవాడు. పట్టరాకపోవడమేంటి, నా మొహం!

ఇంటి ముందుగదే కాక సెంటర్. తలుపులు ఎంత మూసినా బొగ్గు దుమ్ము వచ్చేది. మౌస్ కడుపులోని గోలీ తీసి, దానికి పట్టిన నల్లటి మడ్డి గోటితో గీకుతూ తిట్టుకునేవాళ్లం. నల్ల తెర మీద అలా కాదు. ఒక ఫైలు ఇంకో చోటికి పోవాలంటే ఏ ఫైలో, ఎక్కడికో మాటల్లో కొట్టాలి. కొట్టగానే ఎంటర్ నొక్కితే కాక ఊరుకునేవాడు కాదు. ముందు పైకి చదవాలి. పక్కన కూర్చున్నవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. అప్పుడు ఎంటర్. ఎదురు సెంటర్ పిల్లలు కిటికీ దగ్గర నిలబడి, "ఎక్కాలు సదువుతున్నరా?" అని వెక్కిరించేవారు.

సభలో మైకు పట్టుకున్న ఆ మహానుభావుడే ఒకరోజు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. పిల్లల పరీక్ష ఫైళ్లన్నీ ఉన్న ఫోల్డర్ మాయమైందట.

"ఏం జేసినవ్‌రా?" అన్నాడు కాక.

"ఏం జెయ్యలే సార్. మౌస్‌తోని గుంజుతాంటే చెయ్యి జారింది."

"ఏడ జారింది?"

"ఏమో సార్, సూడలే."

కాక వెళ్లి, నల్ల తెర తెరిచి, ఫోల్డర్ పేరు కొట్టి వెతికించాడు. అది పక్క ఫోల్డర్ కడుపులో దొరికింది. వాడు కాక కాళ్లు పట్టుకున్నాడు. జారింది వాడి గట్టి చెయ్యి. సభలో మాటపడింది కాక వణుకు చెయ్యి.

ఇంటికొచ్చాక కూడా కాక చిటపటలాడుతూనే ఉన్నాడు. "దొరికింది గద కాకా, ఇంక గంత కోపమెందుకు?" అన్నాను. అప్పుడు చెప్పాడు, ఆ ఒక్కసారే.

కంప్యూటర్లకు ముందు కాక బొగ్గుబాయిలో హాలర్ నడిపేవాడు. ఏటవాలు దారిలో బొగ్గు టబ్బులను ఉక్కు తాడుతో లాగే ఇంజను అది. నడిపేవాడికి కిందివాళ్లు కనపడరు. కింద గంట కొడతారు. ఇన్ని గంటలైతే లాగు, ఇన్నయితే ఆగు అని లెక్క. పైన అదే గంట తిరిగి కొట్టాకే తాడు కదలాలి. ఆ రోజు గంట పాడైంది. "లైటు ఊపుతరు, సూసి నడుపు, జల్ది" అని పై అధికారొకడు తొందరపెట్టాడు. కింద లైటు ఊగింది.

"లాగుమన్నడు అనుకున్న బిడ్డా. ఆగుమన్నడట. టబ్బుల నడుమ నా దోస్తు ఉన్నడు."

తాడును ఆపబోయి కాక చెయ్యి నలిగింది. దోస్తు దక్కలేదు.

చెయ్యి వణకడం ఆ రోజు మొదలైంది. ఊపే చేతులంటే నమ్మకం పోయిందీ ఆ రోజే. "తెర మీద నేనన్న మాట రాసి ఉంటది. తప్పయితే మల్ల సూసుకొని నాదే తప్పు అంట. చెయ్యి ఊపినదానికి సాక్ష్యమేది?" అన్నాడు.

కాక మీదా నాకు కోపమే. ఈ ముక్క నలుగురికీ చెప్పమంటే, "పాపం అంటరు. నాకొద్దు" అనేవాడు. చూడు కాకా, చెప్పకపోయినా అన్నారు, మైకు పెట్టి మరీ అన్నారు.

సభ నుంచి ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో కాక కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన పోయిన రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

"దాన్ని బంద్ చెయ్యి బిడ్డా, ఆ సప్పుడు ఇననీకి అయితలేదు" అంది చిన్నమ్మ వంటింట్లోంచి.

కుర్చీలో కూర్చున్నాను. హాల్ట్ అని కొట్టాను, ఇక ఆగమని. అలవాటు ఎక్కడికి పోతుంది? పైకి చదివాను.

"హాల్ట్."

పక్క కుర్చీ ఖాళీ. వేలు ఎంటర్ మీదే ఆగిపోయింది.

చిన్నమ్మ ఏనాడూ ఆ కీబోర్డు ముట్టింది లేదు. ఇన్నేళ్లూ గోడ అవతల గిన్నెలు తోముకుంటూ మా పాఠాలు విన్నది, అంతే. ఇప్పుడు గిన్నెల చప్పుడు ఆగింది.

"హాల్ట్" అంది చిన్నమ్మ.

తెర మీద కర్సర్ కొట్టుకుంటోంది.