బెరిల్ తిమింగలాలు చూసిన వారం

బెరిల్ నాన్‌కివెల్‌ను రెండు లక్షల మంది ఫోన్లలో చూశారు. మనిషిగా ఎరిగినవాళ్ళం పాతిక మందికి మించం.

నేను టపా బండి నడిపేవాణ్ణి. వారానికి రెండుసార్లు సెడ్యూనా నుంచి టాలిస్ బే దాకా ఉత్తరాలు, మందులు, ట్రాక్టరు విడిభాగాలు మోసేవాణ్ణి. బెరిల్ అక్కడ హైవే మీది పెట్రోలు బంకు హోటల్లో వంటమనిషి. బంకు ఆమె మరిది రాస్‌ది. భర్త కీత్ చేపల వేటకు వెళ్ళి, పడవలోనే గుండె ఆగి చనిపోయాడు. దహనమైన మర్నాడే రాస్ ఆమెను వంటింట్లో నిలబెట్టాడు. పన్నెండేళ్ళు ఆ పొయ్యి ముందే గడిచాయి. కాపురం బంకు వెనక, చక్రాలు ఊడదీసిన క్యారవాన్‌లో.

భారీ మనిషి. గొంతు అంతకన్నా భారీ. ఎవరినైనా "బంగారం" అనే పిలిచేది, పోలీసునైనా సరే. మా వైపు భూమిలో నీళ్ళు ఉప్పు. వాన పడితే తొట్టెల్లో పట్టుకోవాలి. అలాంటి చోట, వీపున మూటలతో దేశం తిరిగే పిల్లలు ఎవరొచ్చినా ఆమె డబ్బాలు నింపి పంపేది. రాస్ సణిగితే "ఎండలో వచ్చిన పిల్లలయ్యా, ఊరుకో" అనేది. బంకులో తిమింగలాల బొమ్మ కార్డులు అమ్మేవారు. ఆ తిమింగలాలు వచ్చే కొండచరియలు రెండు గంటల దూరమే. ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు. వెళితే వంటెవరు చేస్తారు?

ఒక ఆగస్టులో ఇద్దరు డచ్చి పిల్లలు వచ్చారు. పిల్ల పేరు యానెకె, కుర్రాడు ఫ్లోరిస్. వాళ్ళ వ్యాన్‌లో ఏదో బెల్టు తెగింది. కొత్తది నా బండిలో వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ బెరిల్ వాళ్ళకు మాంసం ముక్కలు వేయించి పెట్టింది, బట్టలు ఉతికి పెట్టింది. బెల్టు బిగించిన రోజు యానెకె ఆమె మెడ చుట్టూ చేతులేసి, "ఆంటీ, మాతో రా. తిమింగలాలు చూపిస్తాం. తిరిగి బస్సెక్కి వచ్చేయొచ్చు" అంది.

బెరిల్ మొదట నవ్వేసింది. తర్వాత కూరగాయల కత్తి పక్కన పెట్టి, రాస్ దగ్గరికి వెళ్ళి, వారం సెలవు కావాలని అడిగింది. రాస్ ఏదేదో అన్నాడట. ఆమె వినలేదు. కీత్ పాత చొక్కా ఒకటి, రెండు లంగాలు సంచిలో కుక్కుకుని వ్యాన్ ముందు సీట్లో ఎక్కింది. హారన్ తనే మోగించింది.

నాలుగో రోజుకల్లా ఆ పిల్లలు నెట్‌లో పెట్టిన వీడియోలు మా ఊరికి చేరాయి. "లావు ఆంటీతో లోకం అంచుకి" అని పేరు పెట్టారు. గురక పెడుతున్న ఆంటీ. గ్లాసులో ఆంటీ కట్టుడు పళ్ళు. లోలంగాతో చల్లటి సముద్రంలోకి దిగి కేకలు పెడుతున్న ఆంటీ. కొండచరియ అంచున తల్లీ పిల్లా తిమింగలాలను చూసి వెక్కి వెక్కి ఏడుస్తున్న ఆంటీ, ఆ ఏడుపు కింద ఎవరో అతికించిన పిత్తుల చప్పుడు. చివర్లో మంట దగ్గర కూర్చుని ఆమె నెమ్మదిగా చెబుతుంది: "కీత్ పోయాక నన్ను ఎవరూ ముట్టుకోలేదురా బంగారం. చెయ్యి కూడా పట్టుకోలేదు." ఆ మాట మీద నవ్వులు కలిపారు.

శుక్రవారం బార్‌లో ఫోను టీవీకి తగిలించుకుని అందరం చూశాం. అందరితో పాటు నేనూ నవ్వాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాను.

ఆరో రోజు ఆమె బస్సు దిగింది. ముక్కు మీది తోలు ఎండకు ఊడిపోతోంది, ముఖం వెలిగిపోతోంది. కనబడిన ప్రతివాడికీ చెప్పింది. వ్యాన్ పైకప్పు మీద పడుకున్నానంది. ఆ తల్లి తిమింగలం ఊపిరి తన ముఖాన పడిందంది. తను వ్యాన్ దిగేటప్పుడు యానెకె ముద్దుపెట్టిందంది. మేం పెదవులు బిగబట్టి విన్నాం. ఆమె అటు తిరగగానే మోచేతులతో పొడుచుకున్నాం. వీడియోల సంగతి ఎవరూ చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం ఆమె పూల గౌను వేసుకుని బార్‌కి వచ్చింది. రాస్ అప్పటికే తాగి ఉన్నాడు.

"జరగండ్రా, మన సినిమా తార వచ్చింది" అన్నాడు. "కూర్చో వదినా, నీ బొమ్మే ఆడుతోంది."

ఆమె నవ్వుతూనే కూర్చుంది. గురక దగ్గర నవ్వింది కూడా. పళ్ళ గ్లాసు దగ్గర చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తిమింగలాల దగ్గర ఆ చప్పుళ్ళు వినబడ్డప్పుడు, ఏమిటది అన్నట్టు మా ముఖాల్లోకి చూసింది. మంట దగ్గరి మాట వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు, వెనక బల్ల దగ్గరి ఒకడు తప్ప. వాడికి ఆమె వచ్చిన సంగతి తెలియదు.

"అది వాళ్ళకు చెప్పాను" అంది. "మీకు చెప్పలేదు."

లేచి గౌను సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఐదింటికి వంటింట్లో దీపం వెలిగే ఉంది.

ఆ తర్వాత ఆమెను చూడ్డానికే బళ్ళు ఆగడం మొదలైంది. రాస్ బంకు బోర్డు మీద ఆమె బొమ్మ వేయించాడు, లోలంగాతో, చేతులు పైకెత్తి. పిల్లలు వంటింటి కిటికీలోకి ఫోన్లు చాచి, "ఆంటీ, ఆ కేక ఒక్కసారి పెట్టవా" అని అడిగేవారు. ఆమె కిటికీ మూసేది. నేను రెండు మూడుసార్లు క్షమించమని అడగబోయాను. "ఉత్తరాలు అక్కడ పెట్టి వెళ్ళు డెస్" అనేది. బంగారం అన్న మాట ఆమె నోట మళ్ళీ వినలేదు.

మా వైపు జనవరి అంటే నడివేసవి, ఎండ నలభై ఆరు డిగ్రీలకు పోయింది. ఆ రోజు రాస్ బంకు మూసి సెడ్యూనా వెళ్ళాడు. మధ్యాహ్నం ఎలిన్ అనే వేల్స్ పిల్ల, ఒంటరిది, వంటింటి తలుపు తట్టింది. తన వ్యాన్ రేడియేటర్ కారిపోతోందని తాగే నీళ్ళన్నీ అందులో పోసేసిందట. ఒక్క డబ్బా ఇమ్మని అడిగింది.

"లేవు" అంది బెరిల్.

ఆ పిల్ల తొట్టె వైపు చూసింది. బెరిల్ తలుపు వేసేసింది. సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ పాకలుంటాయి, అక్కడైనా దొరకకపోతాయా అనుకుని ఆ పిల్ల హైవే వదిలి మట్టిదారి పట్టింది. ఆ పాకలు వేసవిలో ఖాళీ.

మర్నాడు పొద్దున ఆ దారిలో ఒక గొర్రెల ఫారానికి టపా తీసుకెళుతూ నేనే చూశాను. ఆగిపోయిన వ్యాన్ కింద నీడలో ఆ పిల్ల ముడుచుకుని ఉంది. నాలుక నల్లగా వాచి నోట్లో పట్టడం లేదు. గుడ్డ తడిపి పెదాల మీద పిండుతూ కూర్చున్నాను. డాక్టర్ల విమానం వచ్చి అడిలైడ్ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ప్రాణం దక్కింది గానీ మూత్రపిండాలు పాడయ్యాయి, కాళ్ళు పట్టు తప్పాయి. తల్లి వచ్చి చక్రాల కుర్చీలో తీసుకెళ్ళిందని తర్వాత విన్నాం.

పోలీసు వచ్చినప్పుడు బెరిల్ ఏదీ దాచలేదు. అడిగింది, లేవన్నాను అని చెప్పింది. తొట్టె నిండా నీళ్ళున్నాయి కదా అంటే ఉన్నాయంది. ఆ పిల్ల కూడా నిన్ను ఏడిపించిందా అని పోలీసు అడిగాడు.

"లేదు. ఆ పిల్లకు నేనెవరో తెలియదు. ప్లీజ్ అని అడిగింది."

పెట్టడానికి కేసేమీ లేదని అతను పుస్తకం మూసేశాడు. రాస్ వ్యాపారం దెబ్బతింటుందని భయపడి బోర్డు పీకించి, ఆమెను వారంలో ఖాళీ చేయమన్నాడు. ఊళ్ళో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేకపోయారు. బార్‌లో ఆ రోజు నవ్వినవాళ్ళే ఆమెను రాక్షసి అన్నారు. నేను కాదనలేదు. అవుననీ అనలేదు. గ్లాసు ఖాళీ చేసి ఇంటికి వెళ్ళాను.

ఆమెను సెడ్యూనా బస్సు దగ్గరికి నా బండిలోనే తీసుకెళ్ళాను. దారంతా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సు వచ్చాక అడిగింది, "ఆ పిల్ల నడుస్తోందా?"

"ఇంకా లేదట."

తల ఊపింది. సంచి నేను అందుకోబోతే ఇవ్వలేదు.

ఇప్పుడు వైయాలా అనే ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో వండుతోందట. వంట బాగుంటుందనీ, మనిషి నోరు విప్పదనీ అక్కడికి కూరలు వేసే డ్రైవరు చెప్పాడు.