వెనక్కి తిరిగిన చక్రం

ఇంజినీరింగ్ మూడో ఏడాది చదివే కాలంలో నేను మనుషులతో కంటే పుస్తకాలతోనే ఎక్కువ చనువుగా ఉండేదాన్ని. క్లాసులో హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు (హాజరుపట్టీ ప్రకారం నేను సగం రోజులు కాలేజీకే రాలేదు). అలాంటి నన్ను డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ మొదటి పాఠంలోనే కట్టిపడేసింది. గాలిలో వచ్చే పాటను యంత్రం మొత్తంగా పట్టుకోదట. సెకనుకు వేలసార్లు తొంగిచూసి, చూసినప్పుడల్లా అల ఎత్తు ఎంతో ఒక అంకె రాసుకుంటుందట. మధ్యలో ఏం జరిగిందో చూడనే చూడదు. అయినా అల ఊగే వేగానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు చూస్తే చాలు, ఆ అంకెల్లోంచే పాట మొత్తం చెక్కుచెదరకుండా తిరిగి లేస్తుంది. అంతకన్నా తక్కువ చూస్తే మాత్రం, అసలు లేని మరో అల ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికీ చెప్పకుండా డైరీలో రాసుకున్నాను.

సెలవులకి అరకు పక్క కొండమీద మావయ్య ఇంటికి వెళ్లాను. కాఫీ పళ్లు కోసే రోజులు. పళ్ల తొక్క తీసే మిషను మావయ్య కొత్తగా తెచ్చాడు: ఒక మోటారు, ఒక బెల్టు, నాలుగు ఊచలున్న ఇనప చక్రం. కోసిన పళ్లకి ఆ పూటే తొక్క తీయాలి. లేకపోతే కుప్పలోనే వేడెక్కి పులిసిపోతాయి, ఇక కొనేవాడు వాసన చూసి వెనక్కి తిరుగుతాడు. ఆ సాయంత్రం వాకిట్లో, అత్త పొద్దుటినుంచీ మనుషుల్ని పెట్టి కోయించిన పళ్లు ఎర్రగా నడుమెత్తు కుప్పపడి ఉన్నాయి. మిషనేమో గింజలతో పాటు తొక్కల్నీ కలిపి పోస్తోంది. దాన్ని అమ్మిన మెకానిక్ (మావయ్య పెట్టిన పేరు స్పానర్ బాబు) కింద మైదానంలో ఉంటాడు. "ఇప్పుడు ఘాటీ ఎక్కి రాలేనండి, తిరుగుతుండగా వీడియో తీసి పంపండి" అన్నాడు. ఇంజినీరింగ్ చదివే గుంట ఇంట్లో ఉంది కాబట్టి ఆ గౌరవం నాకు దక్కింది.

వీడియోలో చక్రం వెనక్కి తిరుగుతోంది. నెమ్మదిగా, ఏ బాదరబందీ లేకుండా తిరుగుతోంది. స్పానర్ బాబు చూసి, "అదేనండి తేడా, బెల్టుని ఎనిమిదంకెలా మెలేసి తొడగండి, చక్రం ఎదురు దిక్కుకి తిరుగుతుంది" అన్నాడు. మావయ్య అలాగే తొడిగాడు. అత్త బుట్టెడు పళ్లు పోసింది. మిషను వాటిని ఒక్కొక్కటిగా అత్త మొహం మీదికి విసిరింది. మళ్లీ వీడియో తీసి పంపాను. ఈసారి అందులో చక్రం బుద్ధిగా ముందుకి తిరుగుతోంది.

"ఇప్పుడు బాగుంది కదండీ" అన్నాడు ఫోన్లో స్పానర్ బాబు.

"బాగానే తిరుగుతంది బాబూ, పళ్లే నా మొకాన కొడతంది" అంది అత్త.

"ఫోన్లో సక్కగుంది. నువ్వే బుట్ట తిన్నగా పొయ్యట్లేదు" అన్నాడు మావయ్య.

"అయితే ఆ పళ్లేవో ఫోన్లోనే పోసుకో."

పుస్తకంలో పేజీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఫోను కూడా తొంగిచూస్తోంది అంతే. అది తీసే ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య, ఒక ఊచ తన ముందున్న ఊచ చోటికి దాదాపు చేరుకుంటోంది, కాస్త దూరం మిగిలిపోతోంది. నాలుగు ఊచలూ ఒకేలా ఉంటాయి. అందుకే ముందున్న ఊచే కొంచెం వెనక్కి జరిగినట్టు కనిపిస్తోంది! ఇదంతా నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాదు. ఏం చేయాలో తోచక కుప్పలో చెయ్యి పెట్టాను. లోపల గోరువెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే నా చేత మాట్లాడించింది.

"మావయ్యా, ఫోను సరిగ్గా చూడట్లేదు."

"కొత్త ఫోనే కదే గుంటా, ఏటైంది దానికి?"

"అది మధ్యమధ్యలోనే చూస్తుంది. మోటారు ఆపు. ఆగే ముందు చక్రాన్ని కంటితో చూడు."

మావయ్య మోటారు ఆపాడు. చక్రం నెమ్మదించి, ఊచలు విడివిడిగా కనబడ్డాయి. "ఎనక్కే తిరుగుతంది" అంది అత్త, మొహం తుడుచుకుంటూ.

బెల్టు మెలిక తీసి మళ్లీ తొడిగారు. మోటారు వేసి, ఆపి, ఈసారి వీడియో పెట్టి ఫోనుని చక్రం ముందు పట్టుకున్నాను. మూడు తలలు ఒక్కచోట చేరాయి. ఇనప చక్రం ఒకే దిక్కున తిరుగుతూ నెమ్మదిస్తోంది. ఫోన్లో మాత్రం అది వెనక్కి వెళ్లింది, ముందుకి వచ్చింది, ఒక్క క్షణం కదలకుండా నిలబడింది, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి వెళ్లి ఆగింది. పుస్తకంలో గీతగా చూసినది కళ్లముందు ఊపిరి పోసుకున్నట్టు ఉంది.

"ఇంకోపాలి సూపించు" అన్నాడు మావయ్య మెల్లగా.

"ముందు పళ్లు సూడు, బేగి కానీ" అంది అత్త.

అసలు తేడా తొక్క తీసే సందు వెడల్పుగా ఉండటం. స్పానర్ బాబు ఫోన్లో చెబుతుంటే మావయ్య మర బిగించాడు. తొక్కలు ఒక పక్కకి, జిగురుగా మెరిసే తెల్లటి గింజలు మరో పక్కకి పడ్డాయి. చీకటి పడేలోగా కుప్ప అయిపోయింది.

గింజలు తొట్టిలో పోస్తూ అత్త అడిగింది: "ఫోను మద్దిలో ఏటి జరిగిందో సూడదన్నావు. మరి మన కన్ను సూస్తాదా?" నాకు జవాబు తెలియలేదు. తల అడ్డంగా ఊపాను. "సరే, సదువయ్యాక సెప్పు" అంది.

చదువయ్యింది. ఇప్పుడు అదే పాఠం పాలిటెక్నిక్‌లో చెబుతున్నాను. నా గొంతు చివరి బెంచీదాకా వినిపిస్తుంది (మెట్లదాకా వినిపిస్తుందని పక్క సెక్షను వాళ్ల ఫిర్యాదు). అత్త ప్రశ్న కోసం కన్ను గురించీ మెదడు గురించీ దొరికినవన్నీ చదివాను. పోయిన సెలవుల్లో కొండకి వెళ్లి, అత్త పక్కన కూర్చుని అరగంట వివరించాను. అత్త ఓపిగ్గా అంతా విని, "అంటే ఇంకా తెలీదన్నమాట" అంది.

నిజమే. ఆ రోజుల్లో అయితే ఆ సంగతి ఒక్కసారి తల ఊపి చెప్పేసేదాన్ని.