సంచులు పంచిన ఊరికి మళ్ళీ

తొంభైల మొదట్లో కరీంనగర్‌లో మేం పదిమందిమి కలిసి పర్యావరణ సంఘం ఒకటి పెట్టుకున్నాం. నేను హైస్కూల్లో సైన్స్ పంతులును కాబట్టి ఉపన్యాసాల బాధ్యత నాది. జన్నారం అంగళ్ళలోకి అప్పుడప్పుడే పాలిథిన్ కవర్లు దిగుతున్నాయని విని, అవి అడవి పల్లెలకు చేరకముందే మనం చేరాలని తీర్మానించాం. సంక్రాంతి సెలవుల్లోనే ఎర్రవాగుగూడ అనే చిన్న ఊరికి వెళ్ళి, ఇంటికి మూడు చొప్పున గుడ్డ సంచులు పంచి వచ్చాను. కవర్ల చెడుగు గురించి గంటసేపు మాట్లాడాను కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కుట్టిన దుకాణంవాడు ఒక్కో సంచిని ఒక్కో కవర్లో మడిచి ఇచ్చాడు. "కవర్లు తీసేసి మూటగట్టుకొని పోరాదుండి?" అని మా ఆవిడ చెప్పింది. బస్సులో దుమ్ముకు కొత్త సంచులు పాడవుతాయని నేనే వద్దన్నాను. మాట పెడచెవిన పెట్టడంలో నాకు మంచి అనుభవం ఉంది.

జూన్‌లో, బళ్ళు తెరవకముందు, నా సేవ ఎంతవరకు ఫలించిందో చూసి రావాలనిపించింది. ఫలించే ఉంటుంది, అందులో నాకు అనుమానమే లేదు. ఫోటోలకని కెమెరా కూడా అరువు తెచ్చుకున్నాను.

ఉదయం ఆరింటికి కరీంనగర్‌లో బస్సెక్కాను. ఏడున్నరకు జగిత్యాల. అక్కడ పది నిమిషాలు ఆగుతుంది, ఇడ్లీ వేడిగా దొరుకుతుంది. నా పక్కన కూర్చున్న పత్తి వ్యాపారి ఒడిలో కవరు నిండా మిఠాయి ఉంది. ధర్మపురి దాకా అతనికి కవర్ల మీద పాఠం చెప్పాను. ఓపిగ్గా విని, చివరికి "కవర్ లేకుంటె గీ మిఠాయి జేబుల పోస్కొని పోవాల్నా సార్?" అన్నాడు. వెనక సీటువాళ్ళు నవ్వారు. అజ్ఞానులని మనసులో అనుకున్నాను.

రాయపట్నం దగ్గర గోదావరి దాటి, తొమ్మిదిన్నరకు లక్సెట్టిపేట చేరాం. అక్కడ బస్సు మారాలి. పదకొండు దాటాక జన్నారం. అక్కణ్ణుంచి ఎడ్లబండి దొరికితే అదృష్టం, లేకపోతే గంటన్నర నడక. నాకు దొరకలేదు.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే మొదట కనిపించినవి నా కవర్లే. చూరుకు వేలాడే విత్తనాల పొట్లాలు, ఉప్పుకుండ మూతికి కట్టిన వాసెనలు, చేనికి మోసుకుపోతున్న రొట్టె మూటలు, అన్నీ అవే. సంచి మాత్రం ఒక్కటీ కనబడలేదు. ఊరిపెద్ద పటేల్‌ను అడిగితే ఇంట్లోకి తీసుకెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు. మూడు సంచులూ పెళ్ళిబట్టల మధ్య మడత నలగకుండా ఉన్నాయి.

"గింత మంచి బట్ట అంగడికి తీస్కపోతె మాసిపోదా సార్?" అన్నాడు ఆయన.

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. పటేల్ ఇంట్లోనే మోదుగాకు విస్తరిలో జొన్నరొట్టె, కందిపప్పు పెట్టారు. తింటూ మళ్ళీ ఉపన్యాసం అందుకున్నాను. కిందటిసారి నా మాటలకు తలలూపిన మనుషులు ఆ రోజు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

భోజనం అయ్యాక ఊరు తిరగబోతే, పటేల్ నన్ను ఒక వాకిలి దగ్గర ఆగనీయకుండా ముందుకు నడిపించాలని చూశాడు. నేను ఆగాను. కొట్టంలో ఎద్దు ఒక్కటే ఉంది, దాని పక్క గుంజ ఖాళీ. మిరుగం కార్తె వచ్చేసింది, అందరూ నాగళ్ళు సవరించుకుంటున్నారు. రెండోది ఏదని అడిగాను. పటేల్ వాన సంగతి ఎత్తాడు.

అప్పుడు ఆ ఇంటావిడ బయటికి వచ్చింది. పేరు సోంబాయి. భర్త లేడు, మూడెకరాల చేను తనే చేసుకుంటోంది. వచ్చీ రాగానే చేతులు జోడించింది.

ఆమె చెప్పిందాన్ని బట్టి జరిగింది ఇది. రొట్టె కట్టుకుపోయిన కవర్లు చినిగినా పారేయబుద్ధి కాక, ఇరుగుపొరుగువి కూడా ఏరి కొట్టం మూల దాచింది. ఉప్పు, రొట్టె వాసనకు ఎద్దు వాటిని నమిలింది. నెమరు ఆగిపోయింది, కడుపు ఉబ్బింది. జన్నారం నుంచి డాక్టరు వచ్చేలోపే పడిపోయింది. తోలు తీసినవాళ్ళు కడుపులోంచి కవర్ల ముద్ద తీసి ఆమె ముందు పెట్టారు.

"మీరు కవర్లు వద్దని మొత్తుకుంటిరి సార్. నేనే ఇనకపోతి," అంది సోంబాయి. "మా మరిది తన దున్నుడయినంక ఎడ్లిస్తనంటుండు. గప్పటికి భూమిల పదును పోతది. మీకు చెప్తె కోపమొస్తదని, మల్ల మా ఊరికి ఎవ్వలూ రారని పటేల్ చెప్పొద్దన్నడు. నాదే తప్పు. మాఫ్ చెయ్యుండి."

ఊరు ఊరంతా నాకు భయపడి ఆ చావును దాచింది. ఆ కవర్లు తెచ్చింది నేను. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు, మెడలో కెమెరా వేలాడుతోంది. ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని మందలించిన గొంతు నాకు తెలియకుండానే మాట్లాడింది.

"సరే తియ్యి, అయిందేదో అయింది. ఇగనన్న జాగ్రత్తగుండు."

ఆమె ముఖం తేటపడింది. ఇంత సిగ్గు నేను జీవితంలో ఎరగను. ఫోటో ఒక్కటీ తీయలేదు.

పటేల్ బండి కట్టించి పంపాడు. జన్నారంలో నాలుగున్నర బస్సు అందింది. లక్సెట్టిపేటలో మారి గోదావరి దాటుతుండగా తొలివాన మొదలైంది. బస్సులో అందరూ కిటికీల్లోంచి చేతులు చాపారు. నా పక్కనున్న ముసలాయన "గీ వానకు పదునయితది, రేపే నాగలి కట్టాలె" అని నాతో సంబరంగా అన్నాడు. నేను తలాడించాను. కరీంనగర్ చేరేసరికి తొమ్మిదయింది. మా ఆవిడ ఊళ్ళో అంతా మంచేనా అని అడిగితే మంచే అన్నాను.

ఆ దారి చెడ్డదేం కాదు, మనుషులు అంతకంటే మంచివాళ్ళు. వానాకాలంలో అడవి చూడదగ్గది. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఎర్రవాగుగూడలో సోంబాయి ఇల్లు అడగండి. ఆ తప్పు ఆమెది కాదని చెప్పండి. నేను చెప్పవలసిన మాట అది. ఆమె చేతులు జోడించి నిలబడితే, నేను క్షమించి వచ్చాను.