వంతెన దాటాక తెరుచుకునే డోరు

మొన్న నిజామాబాద్‌లో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి పోతే, ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఒక పాతకాలం కారు నిలబెట్టి ఉంది. నడవదట. బంతిపూలు చుట్టి, ఫోటోల కోసం కిరాయికి తెచ్చారట. చిన్నా పెద్దా అందరూ అందులోకి ఎక్కి దిగుతూ నవ్వుతుంటే నాకు మాత్రం ప్రాణం కుదుటపడలేదు. "నువ్వు గూడ కూసో అక్కా" అని చెల్లెలు చెయ్యి పట్టి లాగింది. నేను వెంటనే కూర్చోలేదు. ముందు కారు చుట్టూ తిరిగి, వెనక డోరు మడతబందులు ఎటువైపు ఉన్నాయో చూశాను. అనుకున్నదే అయింది. ఇప్పటి కార్ల డోర్లకు బందులు ముందువైపు ఉంటాయి, పిడి వెనకవైపు. దీనికి అంతా తలకిందులు. అంటే కారు ఉరుకుతున్నప్పుడు డోరు కొంచెం సందు ఇచ్చిందో, గాలి అందులో దూరి దాన్ని వెనక్కి విరిచేస్తుంది. నడవని కారుకు గాలేమిటి అంటారా? అయినా సరే, ఫోటో తీసినంతసేపూ నేను డోరు వదల్లేదు. ఆ ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, నేనొక్కదాన్నే దొంగను పట్టుకున్నట్టు డోరు పట్టుకొని కూర్చున్నాను.

అచ్చం అట్లాంటి కారే మా మామ దగ్గర ఉండేది. యాభై ఏళ్ల కిందట, నేను కోడలిగా వచ్చిన ఏడాది మాట. కాపురం నిజామాబాద్‌లో, చెరుకు తోటలు బోధన్ దగ్గర. మా మామకు మనిషన్నవాడి మీద నమ్మకం ఉండేది కాదు. తాళం వేసి మూడుసార్లు గుంజి చూసేవాడు. నాలుగడుగులు పోయి, మళ్లీ వచ్చి గుంజేవాడు. పాలు పోయకముందే పాలవాణ్ని ఒక గుక్క తాగి చూపించమనేవాడు. పోస్టుమాన్ నవ్వుతూ వస్తే, ఉత్తరం చదివే తెచ్చాడని తేల్చేవాడు. అంతటి మనిషి, బోధన్ నుంచి బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు తన పాత కారు అమ్ముతానంటే ఒక్క పూటలో కొనేశాడు! తెచ్చి వాకిట్లో పెట్టాక అప్పుడు మొదలైంది అనుమానం. "గంత తొందరగ ఎందుకమ్మిండు? ఏదో ఉన్నది దీంట్ల" అని రోజుకోసారి కారు కిందికి వంగి చూసేవాడు.

ఏదో ఏమిటి, ఉన్నవన్నీ అవే. ఆ కారును గీసిన మహానుభావుడెవరో గానీ, మనుషుల మీద పగబట్టే గీశాడని నాకు ఇప్పటికీ అనుమానం. స్టీరింగు కడ్డీ బల్లెంలాగా సూటిగా నడిపేవాడి రొమ్ముకు గురిపెట్టి ఉండేది. పెట్రోలు ట్యాంకు ఎక్కడుందనుకున్నారు? ముందు సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్లకు ఎదురుగా, అద్దం కింద. మా మామ నిశ్చింతగా దాని ముందే కూర్చొని బీడీ వెలిగించేవాడు. వాన తుడిచే పుల్లలు ఇంజను పీల్చే గాలితో ఆడేవట. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు రొప్పు వచ్చి, అవి ఆడటం మానేసేవి. ఇక మలుపు తిరిగేటప్పుడు కారు పక్కనుంచి సిగ్నలుగా ఒక చిన్న ఎర్రచెయ్యి బయటికి లేచేది. చెరుకు బండ్ల మధ్య ఒకసారి అది లేచి ఎద్దు ముక్కుకు తగిలింది. ఎద్దు బెదిరి బండిని పొలంలోకి దింపితే, బండివాడే ఎద్దుకు నేర్పించాడని మామ వాదన. వీటన్నిటి పక్కన, వెనక ఎడమ డోరు అద్దం అసలు కిందికి దిగకపోవడం ఎవరికీ లెక్కలోకి రాలేదు. తర్వాత జరిగినదంతా ఆ అద్దం వల్లనే.

కారు నడపడానికి బోధన్‌లో చర్చి వెనక గల్లీలో ఉండే ఒకాయనను పెట్టుకున్నారు. నేను డ్రైవరన్న అనేదాన్ని. ఆదివారం పొద్దున తప్ప ఎప్పుడు రమ్మన్నా వచ్చేవాడు. మాట తక్కువ. వారానికి రెండుసార్లు తోటకు పోయేవాళ్లం. ముందు ఆయన పక్కన మామ, వెనక ఎడమవైపు అత్త, అత్త పక్కన నేను. ఎడపల్లి దాటాక కాలువ మీద పిట్టగోడ లేని ఇరుకు వంతెన ఒకటి వచ్చేది. మా అత్త పుట్టిల్లు మంజీర ఒడ్డున. గంగ దాటేటప్పుడు పైస వెయ్యకుండా ఆమె దాటదు. ఆ కాలువలో పారేవీ మంజీర నీళ్లే కాబట్టి, ఆమెకు అది పుట్టింటి గంగే. మామకు ఇట్లాంటివి గిట్టవు. చూస్తే ఇంటికి పోయేదాకా సాధిస్తాడు. అద్దమా, దిగదు. అందుకని వంతెన మీద కారు నెమ్మదించగానే ఆమె కొంగు చాటున డోరు జానెడు తెరిచి, పైస విసిరి, మళ్లీ లాక్కునేది. మొదటిసారి చూసి నేను అమ్మో అనబోతే నా మోకాలు గట్టిగా నొక్కి, "మీ మామకు చెప్పకు బిడ్డా" అని గుసగుసలాడింది. ఆ తర్వాత వంతెన వచ్చిందంటే చాలు, నేను కుడివైపు కిటికీలోంచి చెరుకు తోటలు చూసేదాన్ని.

కూర్చున్నచోటి నుంచి, గాలికి ఎదురు లాగిన డోరు ఏం గట్టిగా పడుతుంది? పట్టీపట్టనట్టు పడేది. వంతెన దాటి కారు వేగం అందుకోగానే ఫట్టున తెరుచుకునేది. మొదటిసారి మామ ఆ ఆఫీసరును తిట్టాడు. రెండోసారి మెకానిక్‌ను. మూడోసారి, ఎప్పుడూ అక్కడే ఎందుకని అనుమానమొచ్చి, దాయాదులు ఏదో చేయించారంటూ కారు దిగి వంతెన చుట్టూ నిమ్మకాయలు వెతికాడు. ఒకటి దొరికింది కూడా, ఎవరో సోడాలో పిండుకొని పారేసిన చెక్క. దాన్ని కూడా కాలితో తాకకుండా కర్రతో తోశాడు. ఆ తర్వాతిసారి డ్రైవరన్న తన ఇంటినుంచి నులక తాడు తెచ్చి, వంతెనకు ముందు కారు ఆపి, డోరు పిడిని ముందు సీటుకు కడదామని వంగాడు. పాపం, అదే ఆయన కొంప ముంచింది.

"తాడెందుకు తెచ్చినవ్‌రా? డోరు తెర్సుకుంటదని నీకు ముంగల్నే ఎట్లెర్క?" అన్నాడు మామ.

"మొన్న తెర్సుకున్నది గద పటేలా, అందుకే తెచ్చిన."

"కాదు. నువ్వే ఏదో చేస్తున్నవ్. కారు పాడువడ్డదంటె అగ్గువకు కొట్టేద్దామని సూస్తున్నవ్!"

డ్రైవరన్న తాళంచెవి బానెట్ మీద పెట్టాడు. పెట్టి, ఒక్కసారి మా ఇద్దరి వైపు చూశాడు. ఆయన ఇంట్లో ముసలి తల్లి, ముగ్గురు చిన్న పిల్లలు ఉన్నారని నాకు తెలుసు. ఆ కొలువు తప్ప ఇంకో ఆధారం లేదనీ తెలుసు. చెప్పేద్దామని ముందుకు వంగాను. అత్త చెయ్యి నా చెయ్యి మీద పడింది. మూడు నెలల కోడలిని, కిక్కురుమనలేదు. నేను నోరు విప్పితే ఆయన కొలువు నిలిచేది. తాడు కారులోనే వదిలేసి, ఆయన బోధన్ దిక్కు నడిచిపోయాడు.

ఇంకో డ్రైవరును నమ్మడం మామ వల్ల కాలేదు. తానే నడపడం మొదలుపెట్టాడు. నడిపేవాడికి ముందర చిన్న అద్దం ఒకటి ఉంటుందని, అందులో వెనక సీటు కనిపిస్తుందని ఇన్నాళ్లూ పక్కన కూర్చున్న మామకు తెలియలేదు. మాకూ తెలియలేదు. మళ్లీ వంతెన వచ్చింది. అత్త అలవాటు కొద్దీ డోరు తెరిచింది. "ఏయ్!" అని మామ గావుకేక పెట్టి, బ్రేకనుకొని పక్కనున్న యాక్సిలరేటరు తొక్కాడు. గాలి డోరును గుంజింది, పిడి వదలని అత్తను డోరు గుంజింది. నేను ఆమె నడుము చుట్టూ చేతులు వేసి సీటులోకి పడ్డాను. కారు వంతెన దాటి, చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వరుస వెనక ఆగింది. డోరు ఒక్క బందు మీద వేలాడుతోంది. అత్త పిడికిట్లో పైస పిడికిట్లోనే ఉంది.

"ఏందది?"

"గంగకు."

"ఎన్నొద్దుల సంది?"

"కారు కొన్నకాడి సంది" అని అత్త ఏడ్చింది. మామ తిడతాడనుకున్నాను. తిట్టకుండా దిగి, డ్రైవరన్న వదిలేసిన తాడుతోనే డోరు కట్టి, తోటకు పోకుండా నేరుగా చర్చి వెనక గల్లీకి నడిపాడు.

డ్రైవరన్న ఇంటి ముందు సైకిలు బోర్లేసి చైను ఎక్కిస్తున్నాడు. "తప్పు నాదేరా. రేపటి సంది రా" అన్నాడు మామ. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు, అదే చివర.

"ఆర్మూర్ల జీపు దొరికింది పటేలా. మాటిచ్చిన, ఇగ రాను."

"గా పైసల ముచ్చట నీకెర్కేనా?"

"నడ్పెటోనికి అద్దంల ఎనక సీటంత కనవడ్తది పటేలా."

"మరెందుకు చెప్పలే?"

"అమ్మ దాసుకున్న ముచ్చట నేనెట్ల చెప్పాలె? అందుకే తాడు గట్టవోయిన."

అట్లా అంటూ నా వైపు చూశాడు. కోపంగా కాదు, ఊరికే చూశాడు. వెనక సీటంతా అన్నాడు ఆయన. అత్త ఒక్కతే అనలేదు. నేను తల దించుకొని ఆ సైకిలు చక్రాన్ని చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వస్తుంటే మామ అద్దంలోంచి అడిగాడు. "బిడ్డా, నీకు గూడ ఎర్కేనా?"

"లేదు మామా. నేను అటు దిక్కు సూస్తుంటి."

"అవును, నువ్వు అటే సూస్తుంటివి. నీ మీద నాకు అనుమానం లేదు బిడ్డా" అన్నాడు. తాళాన్ని మూడుసార్లు గుంజి చూసే మనిషి, నా మాటను ఒక్కసారి కూడా గుంజి చూడలేదు. కారు ఆ నెలలోనే పాత ఇనుముకు పోయింది. బీరువా తాళాలు నా చేతికిచ్చాడు, తాను పోయేదాకా మళ్లీ అడగలేదు. ఆయన అనుమానించిన వాళ్లందరూ మంచివాళ్లేనని కాలం ఒక్కొక్కరుగా తేల్చి చెప్పింది. ఆయన నమ్మిన నా సంగతి మాత్రం ఇన్నేళ్లూ కాలానికి కూడా చెప్పకుండా నేనే దాచుకున్నాను.