ఎర్ర పీలిక కట్టిన చెట్లు

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మా అడవి మెదక్ దారిలో. అడవి అంటే పెద్దగా ఊహించుకోకండి, రెండెకరాల టేకు. తాత నాటింది. అరవైల్లో, నేను హైస్కూలు చదివే రోజుల్లో, ఆ చెట్ల మీద నాయనకున్న ప్రేమ చూస్తే అమ్మకు ఒళ్లు మండేది. "నాతోని గింత ముచ్చట పెట్టరు గానీ, ఆదివారం అయితే చాలు, చెట్లతోని మాట్లాడనీకె బస్సెక్కుతరు" అనేది.

నాయన ఆబిడ్స్‌లో చీరల దుకాణం గుమాస్తా. చెట్టు కొట్టాలంటే ఆయనకు చేతులు రావు. అందుకే మా టేకు ఇరుకిరుగ్గా, ఎండ కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగింది. పక్క భూమి ఆసామి బక్కవి ఎప్పటికప్పుడు తీసేసేవాడు, అతని చెట్లు బొద్దుగా ఉండేవి. "బక్కయి తియ్యకుంటే మంచియి గూడ ఆగమైతయి" అని అతను పోరగా పోరగా నాయన ఒప్పుకున్నాడు. సొంత భూమిలోదైనా టేకు కొట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. దానికోసం చెప్పులరిగేలా తిరిగాడు.

అనుమతి వచ్చాక నాయన, తాత నాటిన చెట్లలో నిటారుగా ఉన్న మంచివన్నీ ఏరి ఎర్ర గుడ్డ పీలికలు కట్టాడు. అవి కలకాలం ఉండాలని ఆయన ఆశ. దుకాణంలో అదే పద్ధతి: ఎవరైనా చీర నచ్చి పక్కన పెట్టించుకుంటే దానికి ఎర్ర పీలిక కడతారు, ఇంకెవరూ ముట్టరు. చెట్లు కొట్టే మేస్త్రీతో, "గుర్తులు పెట్టిన, చూసి కొట్టుండ్రి" అన్నాడు. మేస్త్రీ తలూపాడు. కొడుతుంటే చూడలేనని నాయన ఇంట్లోనే ఉండిపోయాడు.

నాంపల్లి కట్టెల డిపోకు మా దుంగల లారీ వచ్చిన రోజు ముగ్గురం చూడబోయాం. దుంగలకు ఎర్ర పీలికలు ఇంకా వేలాడుతున్నాయి.

"గిదేంది? ఇవి ఉంచుమన్నయి గదా!" అన్నాడు నాయన.

లారీతో వచ్చిన మేస్త్రీ బిత్తరపోయాడు. "సారూ, గుర్తు పెట్టిన చెట్టంటే కొట్టే చెట్టే గదా. ఏ అడవిల జూసినా గంతే."

డిపో యజమాని మాత్రం "మస్తు మాల్" అని మురిసిపోతున్నాడు. నాయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అమ్మ దెప్పుతుందేమోనని భయపడ్డాను. ఆమె మాత్రం రిక్షా పిలిచింది.

వానలు పడ్డాక కొట్టేసిన చెట్ల మొద్దులకు గుత్తులుగుత్తులుగా పిలకలు లేచాయి. టేకు అంత తేలిగ్గా చావదు. ఒక్క పిలక ఉంచి మిగతావి తీసేస్తేనే మళ్లీ చెట్టవుతుంది. ఆ ఆదివారం అమ్మ కూడా మాతో బస్సెక్కింది. నాయన కొడవలి పట్టుకొని మొదటి మొద్దు ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు.

"ఏది ఉంచుదాం?" అని అమ్మను అడిగాడు.

అమ్మ వంగి ఒక పిలకను గుప్పిట్లో పట్టుకుంది. "గిది. నేను ఇడువ. మిగిలినయి కొయ్యుండ్రి."

నాయన కోశాడు. మొద్దు మొద్దుకూ అమ్మ అలాగే ఒకదాన్ని పట్టుకుని కూర్చుంది.