చివరికి మిగిలిన ‘అడగాలి’

పది రోజుల కిందట ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. నాకు డేటా పని దగ్గర కూర్చోబెట్టి నేర్పిన మా ఆఫీసు అక్క తెల్లవారుజామున దవాఖానాలో పోయిందట. మామూలు జ్వరమే కదా, సోమవారానికి వచ్చేస్తుందిలే అనుకున్నాం అందరం.

నాచారంలోని మా కంపెనీ మందుల దుకాణాలకు సరుకు పంపుతుంది. అమ్మకాల లెక్కలుండే డేటాబేసులో ప్రతి వరుసలోనూ దుకాణం కోడే తప్ప పేరుండదు. పేరు కోసం నేను ప్రతిసారీ ఇంకో పెద్ద టేబుల్ తెచ్చి కలిపేవాణ్ణి. రిపోర్టు నత్తనడక నడిచేది. అక్క చూసి నవ్వింది.

“గంత పెద్ద టేబుల్‌ని ఊకె ఎందుకు సతాయిస్తున్నవ్ తమ్మీ? డిక్షనరీ చెయ్, కోడ్ పక్కన పేరుండే చిన్న పట్టీ. అది మెమరీల కూసుంటది. కోడ్ ఇస్తే పేరియ్యాలె, గంతే.”

నిజంగానే రిపోర్టు చిటికెలో వచ్చింది. డిక్షనరీలో లేని కోడ్ అడిగితే ఏం చూపించాలన్నది తర్వాతి ప్రశ్న. ఖాళీ వదిలేద్దామన్నాను.

“ఖాళీ ఉంటే ఎవ్వరూ పట్టించుకోరు. ‘అడగాలి’ అని పెట్టు.”

ఇక రిపోర్టులో ఆ మాట కనిపిస్తే అక్కకు కాలు నిలిచేది కాదు. స్కూటీ తీసేది. ఆమెకు బోర్డు మీది పేరు ఒక్కటే చాలదు, గల్లీలో జనం పిలిచే పేరూ కావాలి. “ఇన్సులిన్ డబ్బా పట్టుకొని మన డ్రైవర్ ఎండల తిరగొద్దు” అనేది. పోయిన ప్రతి దుకాణంలోనూ చాయ్ తాగి వచ్చి, మధ్యాహ్నం అన్నం సహించడం లేదని మా మీద విసుక్కునేది.

చివరికి ఒక్క కోడ్ మిగిలింది. నాచారంలో కొత్తగా తెరిచిన దుకాణం. “ఇంకా ఎవ్వరూ పేరు పెట్టలే అక్కా, జర ఆగి రా” అన్నాడట దుకాణదారు. ఈసారి ఇద్దరం కలిసి పోదామంది. డిక్షనరీ పూర్తిగా నిండితే చూడాలని ఆమెకెంతో ఆశ. ఇంకో పది రోజులు ఉండాల్సింది అక్క. ఎన్నిసార్లు అనుకున్నా ఆ బాధ తగ్గడం లేదు.

నిన్న నేనొక్కణ్ణే వెళ్లాను. కంపెనీ పేరు చెప్పగానే దుకాణదారు ముఖం వెలిగింది.

“పేరు వచ్చిందన్నా! ముసలోళ్లు నిలబడలేరు, బయట రెండు స్టూళ్లెయ్యమని అక్కనే చెప్పింది. ఏసిన. ఇప్పుడు అందరూ స్టూళ్ల దుకాణం అంటున్రు. అక్కకు చెప్పాలె. ఏది, ఎన్క వస్తున్నదా?”

ఈ మాట అక్క చెవిన పడాల్సింది. నేను చెప్పేలోపే ఆయన నన్నొక స్టూలు మీద కూర్చోబెట్టి, చాయ్‌లు చెప్పి, రెండో స్టూలు గుడ్డతో తుడుస్తూ గల్లీ మలుపు వైపు చూస్తున్నాడు.