జామీనుకు నిలబడిన స్టాపరు

పోయినవి ముందు చెప్పుకుంటాను. కింది దవడలో రెండు పళ్లు, ఎడమ మోకాలిలో ఒక లిగమెంటు, ఆలూరు దగ్గర మా నాయన ఇచ్చిన అర ఎకరా, కడపలో ఒక ఉద్యోగం. పళ్లు, మోకాలు ఆటలో పోయాయి. వాటి గురించి నాకు బాధ లేదు. మిగతా రెండూ ఒక సంతకంతో పోయాయి.

కర్నూలులో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు పదహారేళ్లు మా గోలు ముందు, జట్టు వెనక వరసలో ఆడాను. ఆ చోట ఆడేవాణ్ణి స్టాపరు అంటారు. నేను చదివింది పదో తరగతి వరకే. ఎదుటివాడి వేగమెంత, బంతి ఎంత దూరంలో ఉంది, నాకు ఎన్ని అడుగులున్నాయి అనే లెక్క మాత్రం గ్రౌండులో నేర్చుకున్నాను. మోకాలు పోయాక ఓనరు నన్ను మేనేజరుగా పెట్టుకున్నాడు. ఆయన రోడ్ల కాంట్రాక్టరు.

ఆటగాళ్లను మా ఆలూరు వైపు నుంచే తెచ్చాను. అందరూ కూలికి పోయే ఇళ్లవాళ్లు. అడ్వాన్సు చేతిలో పడనిదే ఇల్లు కదలరు. మనిషికి నలభై వేలు చొప్పున పద్నాలుగు మందికి ఓనరు ఇచ్చాడు. ఎవరైనా జామీను ఉండాలన్నాడు. నేను సంతకం పెట్టాను. మా నాయన గుంటూరు వైపు మిరప కోతలకు జనాన్ని తీసుకుపోయే మేస్త్రి. అందరి అడ్వాన్సుకూ ఆయనే పూచీ. కోతలు అయిపోతే అప్పు తీరినట్టే. నేను చూసింది ఆ పద్ధతే కాబట్టి ఇదీ అంతే అనుకున్నాను. మిరప చేనులో ఆఖరి కోత ఉంటుంది. ఓనరు కాగితంలో అలాంటి రోజేదీ రాసి లేదు. ఇది నాకు మూడేళ్ల తర్వాత గాని తట్టలేదు.

అప్పుడే కడపలో ఒక బడిలో కోచ్ ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు. నా భార్యది బద్వేలు, పుట్టిల్లు దగ్గరవుతుందని సంబరపడింది. పదిహేను రోజుల్లో చేరాలి. ఓనరు దగ్గరికి వెళ్లాను. ఆయన చుట్టూ నలుగురు కూర్చుని టీ తాగుతున్నారు.

"ఏమప్పా, కడపకు పోతాండావంట?"

"అవునన్నా. ఆడ పర్మనెంటు."

"పోప్పా. నేనేమన్నా కట్టేసినానా? అడ్వాన్సు దుడ్లు ఈడ పెట్టి పో."

"పిల్లోళ్లు మూడేండ్లు ఆడినారు గదన్నా!"

"ఆడినందుకు కూడు పెట్టినా, బూట్లు కొనిచ్చినా. అడ్వాన్సు యాడికి పోతాది? సంతకం పెట్టింది నువ్వా, నేనా?" అని, పక్కవాళ్ల వైపు తిరిగి నవ్వాడు. "గోలుకాడ ఈయప్ప నిలబడితే గాలి గూడా దూరదంటాండ్రి. ఇప్పుడు ఈయప్పే బయటికి దూరలేకుండా ఉండాడు సూడు!"

నలుగురూ నవ్వారు. నా చేతికీ ఒక టీ ఇచ్చారు. తాగాను.

గోల్‌కీపరు అప్పటికే బెంగళూరులో పార్సిళ్లు పంచే పనికి వెళ్లిపోయాడు. ఫోన్ చేశాను.

"ఆడితే తీరిపాయె అనుకుంటిమి గదన్నా. నువ్వూ అట్లే చెప్తివి. ఈడ రూము బాడుగకే సాలడం ల్యా" అన్నాడు. మరునాడు రెండు వేలు పంపాడు. మిగతా పదమూడు మందికి నేను ఫోన్ చేయలేదు. వాళ్ల ఇళ్లు నాకు తెలుసు.

"అర ఎకరా అమ్మేసి పోదాం పా" అంది నా భార్య. అమ్మితే రెండు లక్షల డెబ్బై మూడు వేలు వచ్చింది. గోల్‌కీపరు పంపింది కలిపి ఓనరుకు కట్టాను. ఐదు లక్షల అరవై వేలలో ఇంకా రెండు లక్షల ఎనభై ఐదు వేలు మిగిలింది. ఎవరూ అప్పివ్వలేదు. పదహారో రోజున బడివాళ్లు వేరొకరిని తీసుకున్నారు. నా భార్య సర్దిన పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేసింది.

ఇప్పుడు నా జీతంలో నెలకు నాలుగు వేలు పట్టుకుంటున్నారు. ముప్పై నెలలైంది. ఈ ఏడాది ఇద్దరు ఆటగాళ్లు తగ్గారు. జట్టు లేకపోతే నా జీతమూ ఉండదు. అందుకని కొత్తవాళ్లిద్దరికి మళ్లీ సంతకం పెట్టాను, మనిషికి నలభై వేలు. ఈసారి తెలిసే పెట్టాను. ఈ నెల పట్టుకున్నది పోను నేను ఇంకా కట్టాల్సింది రెండు లక్షల నలభై ఐదు వేలు.